కనబడని సభలో మర్యాద

సంస్కృతంలో ‘మర్యాద’ అనే పదానికి మొదటి అర్థం గౌరవం కాదు, ఎల్ల. రెండు పొలాల నడుమనున్న గట్టు మర్యాద. సముద్రానికి చెలియలికట్ట మర్యాద. ఎల్ల మీరకుండా నడుచుకొనేవాడి నడవడికకు కాలక్రమాన అదే పేరు వచ్చినది. తెలుగువాడు ఆ రెండవ అర్థాన్నే ఇంటిలోనికి తెచ్చుకొని, వచ్చిన చుట్టానికి మర్యాద చేశాడు; మాట మీరినవాణ్ణి మర్యాద దక్కదని హెచ్చరించాడు. అయినా ఈ వాడుకలన్నింటి అడుగునా పాత అర్థం సజీవంగానే ఉన్నది. ఎక్కడ ఆగవలెనో ఎరిగినవాడే మర్యాదస్థుడు.

పూర్వపు సభలో ఈ ఎరుక కలగటం కష్టం కాదు. హరికథ చెప్పే దాసుగారికి ఎదుట కూర్చున్న జనం కనబడేవారు. ముందు వరుసలో పిల్లలున్నారా, పెద్దలున్నారా, ఆ ఊళ్లో మొన్ననే ఎవరైనా పోయినారా అన్నది చూచుకొని ఆయన కథను పెంచేవాడు, తుంచేవాడు. చతురోక్తి ఒకటి మోతాదు మించితే జనం ముఖాలే ఆ సంగతి చెప్పేవి. చెప్పేవాడెవరో విన్నవారికి తెలుసును. విన్నవారెవరో చెప్పినవానికి తెలుసును. సభామర్యాద ఈ పరస్పర పరిచయం మీద నిలిచినది.

నేడు మరొక సభ ఏర్పడినది. 2005లో యూట్యూబు, 2010లో ఇన్‌స్టాగ్రాము పుట్టిన తరువాత, చేతిలో ఫోను ఉన్న ప్రతివాడికీ వేదిక దొరికినది. ఒక గదిలో ఒంటరిగా కూర్చొని మాట్లాడే యువకుడి మాటను ఒక్కొక్కప్పుడు లక్షలమంది వింటారు. ఆ లక్షలలో ఒక్కరి ముఖమూ అతనికి కనబడదు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఇన్నాళ్లూ అలంకారంగా ఉండేది, ఇప్పుడది యథార్థమైనది. ఇట్టి మాటలనూ చిత్రాలనూ తయారుచేసి సామాజిక మాధ్యమాలలో పెట్టేవారిని కంటెంట్ క్రియేటర్లంటున్నారు. వారిచేత తమ సరుకు గురించి చెప్పించుకొనే వ్యాపార సంస్థలను బ్రాండ్లంటున్నారు. ఈ ఇద్దరికీ శ్రోతలైనవారిలో బడిపిల్లలు కొల్లలుగా ఉన్నారు. పాఠం చెప్పే ఉపాధ్యాయుడి మాటకంటె తెరమీది అన్న మాట వేదవాక్కయిన పిల్లవాడు ప్రతి తరగతిలోనూ కనబడతాడు. పెద్దయి తానూ అట్లాగే కావలెనని కోరుకొనేవాడు అతని ప్రక్కనే ఉంటాడు. కాబట్టి ఈ కనబడని సభకు మర్యాద ఏమిటన్నది బడికి సంబంధించని ప్రశ్న కాదు.

ఆ మర్యాద తీయగా మాట్లాడటంలో లేదు. అత్యంత మధురంగా మాట్లాడి మోసగించవచ్చును. మోటుగా మాట్లాడి మేలు చేయవచ్చును. అది కొన్ని ఎల్లలను గుర్తించటంలో ఉన్నది. అభిప్రాయానికీ ప్రకటనకూ నడుమ ఒక ఎల్ల. తన సొమ్ముకూ పరుల సొమ్ముకూ నడుమ ఒక ఎల్ల. లోకానికి చూపదగినదానికీ చూపరానిదానికీ నడుమ ఒక ఎల్ల. మనుష్యుల కష్టానికీ వ్యాపారానికీ నడుమ ఒక ఎల్ల.

మొదటిది తెలుగువారికి కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం స్థాపించారు. సంగీత సభలలో దానిని ఉచితంగా పంచిపెట్టి జనానికి అలవాటు చేశారు. ఆయనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో ప్రారంభించి, 1914లో మద్రాసునుంచి దినపత్రికగా వెలువరించారు. 1924లో భారతి మాసపత్రికను స్థాపించారు. నేటి పరిభాషలో చెప్పవలెనంటే ఒకే వ్యక్తి ఇటు బ్రాండుకూ అటు పత్రికకూ యజమాని. అయినా అచ్చు పత్రికలో ప్రకటనకు గడి వేరు, అక్షరాల తీరు వేరు. తలనొప్పి మందు ప్రకటన చదివేవాడు అది ప్రకటన అని ఎరిగే చదువుతాడు. సంపాదకీయం చదివేటప్పుడు అది మందు అమ్మే మాట కాదని ఎరిగి చదువుతాడు. గడి చుట్టూ ఉన్న ఆ సన్నని నల్లగీత చేసే ఉపకారం చిన్నది కాదు. అది పాఠకుడి వివేకానికి పత్రిక చేసే నమస్కారం.

ఫోను తెరమీద ఆ నల్లగీత చెరిగిపోయినది. ఒక గృహిణి దినమూ ఒక వంట చేసి చూపుతుందనుకొందాం. చూచేవారు ఆమెను అక్కా అని పిలుస్తారు. ఆమె చెప్పిన కొలతల ప్రకారమే చింతపండు నానవేస్తారు. ఒకనాడామె ఒక నూనె సీసా ఎత్తి చూపి, మా ఇంట్లో ఇదే వాడతాము అంటుంది. ఆ మాట ఆమె అనుభవమా, నూనె కంపెనీ ఇచ్చిన సొమ్ము పలికించినదా? చూచేవారికి తెలియదు. సొమ్ము తీసుకోవటంలో తప్పేమీ లేదు. శ్రమకు ప్రతిఫలం న్యాయమే. తీసుకొన్న సంగతి దాచటంలోనే తప్పున్నది. సొమ్ము దాచి చెప్పిన మాట నూనెను మాత్రమే అమ్మదు. అక్కా అన్న పిలుపును కూడా అమ్ముతుంది.

ఈ దాపరికం ఎంతదూరం పోగలదో చెప్పటానికి బహామా ద్వీపాలలో జరుపుతామన్న ఫైర్ సంగీతోత్సవం కథ చాలును. 2016 చివర పేరుపొందిన మోడళ్లు, ఇన్‌స్టాగ్రాం ప్రముఖులు ఒక నారింజరంగు పలకను తమ పుటలమీద ఒక్కసారిగా పెట్టి ఆ ఉత్సవానికి ఎనలేని ప్రచారం కల్పించారు. అది సొమ్ము పుచ్చుకొని చేసిన ప్రచారమని వారిలో అనేకులు చెప్పలేదు. 2017 ఏప్రిల్‌లో వేల డాలర్లు పోసి అక్కడికి చేరినవారికి విలాస భవనాలకు బదులు విపత్తు సహాయ శిబిరాల గుడారాలు కనబడినవి. ఉత్సవం జరగనే లేదు. నిర్వాహకుడు బిల్లీ మెక్‌ఫార్లండ్‌కు 2018లో ఆరేళ్ల జైలుశిక్ష పడినది. ప్రచారం చేసినవారిలో ఒకరైన కెండల్ జెన్నర్ 2020లో తొంభై వేల డాలర్లు చెల్లించి తనమీది వ్యాజ్యాన్ని పరిష్కరించుకొన్నారు. ఉత్సవం ఎట్లా ఉంటుందో ప్రచారకులకు తెలిసి ఉండకపోవచ్చును. అయితే తెలియనిదానికి పూచీపడటమే అక్కడి దోషం.

మన దేశంలో ఈ విషయమై నియమాలు కొరతపడలేదు. ప్రకటనల రంగంవారు 1985లో తమంత తాము ఏర్పరచుకొన్న భారత ప్రకటనల ప్రమాణాల మండలి, 2021 జూన్ 14 నుంచి వర్తించేటట్లుగా ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలను ప్రకటించినది. వాటి సారం సుబోధం. డబ్బు మాత్రమే కాదు, ఉచితంగా వచ్చిన వస్తువు, బహుమతి, విహారయాత్ర, ఉద్యోగ సంబంధం, కుటుంబ సంబంధం ఏది ఉన్నా ఇది ప్రకటన అని చెప్పవలెను. ఆ మాట వెతికితేగాని దొరకనిచోట, హ్యాష్‌టాగుల గుంపులో అడుగున ఉండరాదు. పదిహేను సెకన్లకు మించని వీడియోలో కనీసం మూడు సెకన్లపాటు అది తెరమీద నిలవవలెను. రెండు నిమిషాల లోపు వీడియోలో మూడవవంతు సేపు, అంతకు మించినదానిలో ఆ బ్రాండు ప్రస్తావన నడిచినంతసేపూ కనబడవలెను. ప్రత్యక్ష ప్రసారంలో మొదటా చివరా నోటితో చెప్పవలెను. ఆ మాట ఇంగ్లీషులోగాని, ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోగాని సామాన్యుడికి తెలిసేటట్లు ఉండవలెనన్నది మరొక నియమం. తెలుగు ప్రేక్షకులకు తెలుగులో వంట చెప్పేవారు ‘ఇది ప్రకటన’ అన్న రెండు పదాలను మాత్రం అందరికీ అర్థం కాని ఇంగ్లీషు పొట్టిమాటలో దాచటం నియమాన్ని నిలుపుకోవటం కావచ్చునేమోకాని మర్యాదను నిలుపుకోవటం కాదు.

నియమం వెనుక చట్టం కూడా ఉన్నది. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, తప్పుదారి పట్టించే ప్రకటనకు తయారీదారునే గాక, దానిని సమర్థించి పలికినవారిని కూడా బాధ్యులను చేసినది. మొదటి తప్పుకు పది లక్షల రూపాయలదాకా, మళ్లీ చేస్తే యాభై లక్షలదాకా జరిమానా విధించవచ్చును. ఏడాదిపాటు, మళ్లీ తప్పితే మూడేళ్లదాకా ఏ సరుకునూ సమర్థించి పలకరాదని నిషేధించవచ్చును. అదే చట్టం ఒక రక్షణ కూడా చూపినది: తాను చెప్పబోయే మాటలోని నిజానిజాలను తగిన శ్రద్ధతో పరిశీలించినవానికి ఈ శిక్ష లేదు. పలుకబోయే ముందు పరిశీలించమన్నదే ఆ చట్టపు మర్మం. ఆరోగ్య విషయాలలో ఈ శ్రద్ధ రెట్టింపు కావలెను. 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, వైద్యులమని, ఆరోగ్య నిపుణులమని చెప్పుకొని సలహాలిచ్చేవారు తమ అర్హతలను వెల్లడించవలెనని నిర్దేశించినది. కషాయం మంచిదని ఇంటి పెద్ద చెప్పటం వేరు. తెల్లకోటు తొడుక్కొని తెరమీద చెప్పటం వేరు. తెలిసినదానికీ తెలియనిదానికీ నడుమ కూడా ఒక గట్టు ఉన్నది.

ఈ గట్టు తెగినప్పుడు ఏ పొలం మునుగుతుందో తెలుగునాట ఇటీవలనే తెలియవచ్చినది. డబ్బు పందెంగా ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ చట్టసవరణల ద్వారా నిషేధించినవి. అయినా బెట్టింగ్ యాప్‌లను మెచ్చుకొనే వీడియోలు తెలుగులోనే తెరలమీద యథేచ్ఛగా సంచరించినవి. హాస్యం చెప్పి, పల్లె ముచ్చట్లు చెప్పి, బైకు విన్యాసాలు చూపి జనాదరణ పొందినవారు కొందరు ఆ ఆదరణను పందెపురాయుళ్లకు అద్దెకిచ్చారు. అప్పటి తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ నిర్వాహక సంచాలకుడు వి.సి. సజ్జనార్ సామాజిక మాధ్యమాలలోనే దీనికి వ్యతిరేకంగా ప్రచారం సాగించారు. 2025 మార్చిలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఇన్‌ఫ్లుయెన్సర్లమీదా, సినీనటులమీదా కేసులు నమోదు చేశారు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించినది. అదే సంవత్సరం ఆగస్టులో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ కూడా నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసినది. ప్రకటన చేసినవారికి రెండేళ్లదాకా జైలు, యాభై లక్షలదాకా జరిమానా అందులో ఉన్నవి.

కేసుల పర్యవసానం న్యాయస్థానాలు తేల్చవలసినది. మర్యాద దృష్టితో చూచినప్పుడు మాత్రం ప్రశ్న ఒక్కటే. మన అన్న ఆడుతున్నాడు గదా అని నమ్మి, తండ్రి ఫీజుకని పంపిన సొమ్మును పందెంలో పెట్టిన విద్యార్థి ఆ అన్నకు ఎప్పుడైనా కనబడినాడా? దాసుగారి ఎదుట కూర్చున్న పిల్లవాడైతే కనబడేవాడు. కనబడని శ్రోతను ఎదుట కూర్చున్నవాడిగా భావించటమే ఈ సభలో మొదటి మర్యాద.

రెండవ ఎల్ల తన సొమ్ముకూ పరుల సొమ్ముకూ నడుమనున్నది. ఒకరు తీసిన ఛాయాచిత్రాన్ని, ఒకరు కట్టిన పాటను, ఒకరు చెప్పిన ఛలోక్తిని పేరు లేకుండా తన పుటమీద పెట్టుకోవటం ఈ మాధ్యమాలలో నిత్యకృత్యమైనది. అడిగితే, ఇంటర్నెట్టులో దొరికినది అని సమాధానం. దారిలో దొరికిన ఉంగరానికి యజమాని లేడనుకోవటం ఎట్టిదో ఇదీ అట్టిదే. 1957 నాటి కాపీరైటు చట్టం రచయితకూ, స్వరకర్తకూ, ఛాయాగ్రాహకుడికీ తమ కృతులమీద హక్కునిచ్చినది. అవి ఫోను తెరకు ఎక్కినంతమాత్రాన ఆ హక్కు పోదు. చట్టం మాట అట్లా ఉంచి, పేరు చెప్పటంవల్ల కలిగే మేలు చూడవలెను. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య ఎన్నో ఏళ్లు ఊరూరా తిరిగి కథలు పాడిన కళాకారుడు. 2021లో భీమ్లా నాయక్ చిత్రగీతానికి ఆయన గొంతు పలికినప్పుడు ఆయన పేరు కూడా లోకానికి వినబడినది. మరుసటి సంవత్సరం పద్మశ్రీ లభించినది. ఆ పురస్కారం ఒక్క పాటకు వచ్చినది కాదు, ఆయన జీవితకాలపు సాధనకు వచ్చినది. కాని గొంతు మాత్రమే వినబడి పేరు వినబడకపోయినట్లయితే తెరమీది శ్రోతలకు ఆ పాట పాట, కళాకారుడు అనామకుడు. ఊరి జాతరలో ఒక ముసలమ్మ పాడిన పాటను ఫోనులో పట్టుకొని వచ్చి, తన పేరుతో లక్ష లైకులు సంపాదించే యువకుడు ఆ అమ్మకు బాకీపడినట్లే. పేరు అడగటానికి అరనిమిషం పడుతుంది. అనుమతి అడగటానికి మరో అరనిమిషం.

అనుమతి ప్రస్తావన వచ్చినది కనుక మూడవ ఎల్లకు పోవలసి ఉన్నది. సహాయం చేసి దాన్ని వీడియో తీయటం ఇప్పుడొక వినోదప్రక్రియ అయినది. దుప్పటి అందుకొంటున్న వృద్ధుడి కన్నీరు దగ్గరనుంచి చూపిస్తారు. నేపథ్యంలో విషాదసంగీతం వినిపిస్తారు. ఆ దుప్పటి ఖరీదు మూడు వందలు. ఆయన ముఖం చూపినందుకు వచ్చే రాబడి ఎంతో ఆయనకు తెలియదు. కుడిచేతితో ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదని పెద్దలంటారు. ఇక్కడ ఊరంతటికీ తెలుస్తున్నది. దానానికి ప్రచారం కావలసినచోట కూడా ముఖం చూపకుండా చెప్పే మార్గాలున్నవి.

పిల్లల విషయంలో ఈ ఎల్ల మరింత కఠినమైనది. పసివాడు ఏడుస్తుంటే నవ్వు పుట్టించే వీడియోగా తీసిన తల్లిదండ్రులు, ఆ పసివాడు పదిహేనేళ్లవాడై తరగతిలో కూర్చున్ననాడు అతని స్నేహితులు దానిని చూస్తారని ఆలోచించరు. బాల న్యాయ చట్టంలోని 74వ సెక్షను, నేరానికి గురైన బాలల, నేరారోపణకు లోనైన బాలల, సంరక్షణ అవసరమైన బాలల పేరును, చిరునామాను, బడిని, వారి ఆనవాలు తెలిపే ఏ వివరాన్నీ వెల్లడించరాదని శాసిస్తున్నది. మీరినవారికి ఆరు నెలలదాకా జైలు, రెండు లక్షల రూపాయలదాకా జరిమానా ఉన్నవి. పత్రికలకే కాదు, ఏ ప్రసార సాధనానికైనా ఇది వర్తిస్తుంది. బాలిక ఒకతె ఆపదపాలైనప్పుడు సానుభూతితోనే ఆమె ఫోటోను పంచేవారు ఈ సంగతి ఎరగరు. సానుభూతి మంచిదే, గట్టు దాటితే అదీ వరదే. బడి వార్షికోత్సవపు వీడియోలను, తరగతిగదిలోని తప్పు సమాధానాలను నవ్వుకోసం లోకంమీద పెట్టే ఉపాధ్యాయులు కూడా ఈ ఎల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగవలసినవారే. తప్పు చెప్పే హక్కు పిల్లవాడికి బడి ఇచ్చిన రక్షణ. అది నాలుగు గోడల నడుమనే ఇచ్చినది.

ఇక నాలుగవది ముఖ్యంగా బ్రాండ్లకు సంబంధించినది. లోకమంతా ఒక విషయం మాట్లాడుకొంటున్నప్పుడు తానూ ఒక మాట కలపవలెనని వ్యాపారికి తోచటం సహజం. దీనిని మర్యాదగా చేసినవారున్నారు. ఆనందులోని అమూల్ సహకార సంస్థ 1966 నుంచి తన చుక్కల గౌనుపాపచేత దేశవార్తలమీద వ్యాఖ్యానాలు పలికిస్తున్నది. పలికేది వెన్న అమ్మేవారని చూచేవారందరికీ తెలుసును. అక్కడ దాపరికం లేదు. అయితే మాట కలిపేముందు అక్కడ ఏమి మాట్లాడుకొంటున్నారో వినవలెను. 2014 సెప్టెంబరులో అమెరికాలో గృహహింసకు గురైన స్త్రీలు, కొట్టే భర్తను తాము ఎందుకు విడిచిపోలేకపోయినారో ట్విట్టరులో ఒక హ్యాష్‌టాగుకింద వ్రాసుకొంటున్నారు. డిజోర్నో అనే పిజ్జా బ్రాండు ఆ హ్యాష్‌టాగు అర్థమేమిటో చూడకుండా దానికి తన పిజ్జాను జోడించి హాస్యమాడినది. అది శోకగృహంలోకి మేళతాళాలతో ప్రవేశించటమే. ఆ సంస్థ తప్పు గ్రహించి వెంటనే ఆ మాట తొలగించినది. నొచ్చుకొన్నవారికి ఒక్కొక్కరికీ విడివిడిగా క్షమాపణ చెప్పినది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్న సామెత ఉండనే ఉన్నది. తొక్కిన తరువాత కాలు కడుక్కోవటం మాత్రం ఆ సంస్థకు తెలిసినది.

కడుక్కోనివారి కథ మరొకటి. 2008లో డేవ్ కరోల్ అనే కెనడా గాయకుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలో ప్రయాణిస్తుండగా, సామాను మోసేవారి మోటుతనానికి అతని గిటారు విరిగినది. బాగుచేయించటానికి పన్నెండు వందల డాలర్లయినవి. తొమ్మిది నెలలు ఉత్తరాలు వ్రాసినా సంస్థ పరిహారం నిరాకరించినది. 2009 జూలైలో అతడు ఆ సంగతిని పాటగా కట్టి యూట్యూబులో పెట్టాడు. కొద్ది రోజులలో లక్షలమంది విన్నారు. అప్పుడుగాని సంస్థ దిగిరాలేదు. ఆ పాటను తన ఉద్యోగుల శిక్షణలో వాడుకొంటామని కూడా అన్నది. ఆ కథలో సంస్థకు నష్టం గిటారు విరగటంవల్ల వచ్చినది కాదు. ఫిర్యాదు చేసినవాడిని మనిషిగా లెక్కించకపోవటంవల్ల వచ్చినది. దీనికి ప్రతిగా 2018 ఫిబ్రవరిలో బ్రిటనులో జరిగినది చెప్పుకోదగినది. సరఫరా బాధ్యతను కొత్త గుత్తేదారుకు అప్పగించగా, కోడిమాంసం అందక కె.ఎఫ్.సి. దుకాణాలలో సగానికి పైగా మూతపడినవి. ఆ సంస్థ తన క్షమాపణలో నెపాన్ని గుత్తేదారుమీదికి నెట్టలేదు. పత్రికలలో పూర్తిపుట ప్రకటన వేసి, ఖాళీ డబ్బా బొమ్మ చూపి, తన పేరులోని అక్షరాలనే తారుమారుచేసి తనను తాను తిట్టుకొన్నట్లుగా క్షమాపణ చెప్పుకొన్నది. జనం నవ్వుకొని మన్నించారు.

ఈ రెండింటినిబట్టి తప్పొప్పుకోలు మర్యాద తేటపడుతున్నది. తప్పు ఎంత వెలుగులో జరిగినదో సవరణ అంత వెలుగులో ఉండవలెను. చప్పుడు కాకుండా వీడియో తొలగించటం సవరణ కాదు. ఎవరైనా నొచ్చుకొని ఉంటే అని మొదలయ్యే క్షమాపణ, నొచ్చుకొన్నవారిదే తప్పన్నట్లు ధ్వనిస్తుంది. నిజాయితీగల ఫిర్యాదును తుడిచివేసి, పొగడ్తను మాత్రం నిలుపుకొనే బ్రాండు, గుమ్మందగ్గర కొందరు అతిథులను గెంటి కొందరికి తాంబూలమిచ్చే గృహస్థువంటిది. బూతునూ బెదిరింపునూ తొలగించవచ్చును. విమర్శకు మాత్రం బదులు చెప్పవలెను.

క్రియేటరుకూ బ్రాండుకూ నడుమ కూడా మర్యాద ఉన్నది. ఒప్పుకొన్న సొమ్మును గడువుకు ఇవ్వకపోవటం, పేరు వస్తుంది గదా అని ఉచితంగా పని చేయించుకోవటం, ‘ప్రకటన’ అన్న మాట తీసివేయుమని ఒత్తిడి చేయటం వ్యాపారి పక్షాన మర్యాద తప్పటం. వాడి చూడని వస్తువును వాడినట్లు చెప్పటం, ఈ నెల ఒక సబ్బునూ వచ్చే నెల దాని పోటీదారునూ ఒకే ప్రమాణపూర్వకంగా పొగడటం క్రియేటరు పక్షాన మర్యాద తప్పటం. ఇద్దరూ కూడబలుక్కొని తప్పినప్పుడు నష్టపడేవాడు మూడవవాడు. అతడు ఆ ఒప్పందం వ్రాసుకొన్న గదిలో లేడు.

ఇంత చెప్పిన తరువాత ఈ సభ అంతా దోషభూయిష్ఠమని విద్యార్థులు అనుకొనరాదు. ఈ తెరమీదనే తెలుగు పల్లెకు చెందిన ఇద్దరు వృద్ధులు లోకాన్ని తమ పొయ్యి దగ్గరికి పిలిచారు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పల్లెలో, నూరేళ్లు దాటినవని ఇంటివారు చెప్పిన వయస్సులో, మస్తానమ్మ 2016 నుంచి ఆరుబయట కట్టెలపొయ్యిమీద వండి చూపినది. 2018 డిసెంబరులో కన్నుమూసినది. తెలంగాణకు చెందిన నారాయణరెడ్డి 2017 నుంచి గంగాళాలకొద్దీ వండి, ఆ వంటను అనాథ బాలలకు పెట్టించాడు. 2019 అక్టోబరులో డెబ్బై మూడేళ్ల వయస్సున మరణించాడు. ఇద్దరి వంటలనూ దేశదేశాలవారు చూశారు. వారి దగ్గర ఖరీదైన పరికరాలు లేవు. ఎదుట కూర్చున్న మనుమడికి చెప్పినట్లే కనబడని లక్షలమందికీ చెప్పారు. కనబడేవారికి ఒక మాట, కనబడనివారికి ఒక మాట లేకపోవటమే వారి ఆకర్షణ.

బడిలో ఈ మర్యాద నేర్పటానికి కొత్త పాఠ్యపుస్తకం అక్కరలేదు. వారంలో ఒకనాడు ఉపాధ్యాయుడు ఒక వార్తాపత్రికను తరగతికి తెచ్చి, ప్రకటనల చుట్టూ ఉన్న నల్లగీతలను పిల్లలచేత గుర్తింపజేయవచ్చును. తరువాత వారు నిత్యం చూచే నాలుగైదు వీడియోలను తలచుకొని, ఇందులో మాట్లాడేవారెవరు, ఎవరి సొమ్ముతో మాట్లాడుతున్నారు, ఈ పాట ఎవరిది, ఈ ముఖం చూపటానికి ఎవరిని అడిగారు అని తమలో తాము ప్రశ్నించుకొమ్మనవచ్చును. ఆ ప్రశ్నలకు జవాబు దొరికినచోట గీత ఉన్నట్లు, దొరకనిచోట చెరిగినట్లు. రేపు వారిలోనే ఒకరు ఫోను ఎదుట నిలబడి మాట్లాడతారు. ఆనాడు ఆ గీతను తమ చేతితోనే గీయవలసి ఉంటుంది.